సిస్టర్ డోరతీ గారికి ప్రత్యేక తగ్గింపు

కింద వీధిలో పిల్లలు బర్మీస్‌లో "మీ లా బ్యీ!" అని ఒక్క గొంతుతో అరిచారు, అంటే కరెంటొచ్చింది, అన్ని అంతస్తుల్లోనూ నీళ్ళ మోటార్లు ఒకేసారి గుర్రుమన్నాయి, అమ్మ ఒలుస్తున్న గోంగూర కట్ట చేతిలో అలాగే పట్టుకుని డ్రమ్ముల దగ్గరికి పరుగెత్తింది, నేను మూలనున్న వైఫై పెట్టె దగ్గరికి పరుగెత్తాను, దాని దీపం ఎర్రగా, ఎర్రగా, ఇంకా ఎర్రగానే, పచ్చబడవే తల్లీ, ఈ పూట మా వీధికి ఎంతసేపుంచుతారో ఆ దేవుడికే తెలియాలి, ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటారు, సాయంత్రం అమ్మ సరిహద్దు వైపు ఫా ఆన్ ఊరికి వెళ్ళే కారు ఎక్కేస్తానంటోంది, సంచీ సర్దేసి బల్ల మీద పెట్టేసింది, బీపీ మాత్రలు, బైబిలు, తమ్ముడి చొక్కా ఒకటి, ఈలోగా తమ్ముడి కబురు వస్తే ఆగుతుంది, రాకపోతే ఆగదు, డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి, తుపాకులు పేలుతున్న రోడ్డు మీద సరిహద్దు దాకా వెళ్ళి నా కెల్విన్ ఎక్కడని వెతుకుతుందట, ఎవరిని అడుగుతుంది, అడిగితే ఎవరు చెబుతారు. దీపం పచ్చబడింది. ఫోన్‌లో మెయిల్ పెట్టె తెరిచాను. పైన పసుపు పట్టీ మీద, మీ పెట్టె పూర్తిగా నిండిపోయింది, కొత్త మెయిళ్ళు ఇక మీకు అందవు, అని ఉంది.

అందవట. ఎంత మర్యాదగా చెప్పాడో. ఎప్పటినుంచి అందడం లేదు, నిన్నటినుంచా, పోయిన వారం నుంచా, అది చెప్పడు. ముందే హెచ్చరించాం అంటాడు, హెచ్చరించే ఉంటాడు, కానీ మీ పెట్టె నిండిపోతోంది వెంటనే ఇక్కడ నొక్కండి అనే దొంగ హెచ్చరికలు నాకు రోజూ వస్తూనే ఉంటాయి, నొక్కితే పాస్‌వర్డ్ లాగేస్తారని ఆఫీసులో మేనేజరమ్మ మరీ మరీ చెప్పింది, అందుకని అలాంటివి కనబడితే చదవకుండా తోసేస్తున్నాను, ఆ దొంగల మధ్య అసలువాడు కూడా వచ్చి చెప్పి చెప్పి విసుగెత్తి ఊరుకున్నాడన్నమాట. ఈలోగా వాడు రాసి ఉంటే? ఎవరి ఫోనో బతిమాలి తీసుకుని, అక్కా దాటేశాను అని రెండు ముక్కలు పంపి ఉంటే, అది ఇక్కడిదాకా వచ్చి చోటు లేక వెనక్కి వెళ్ళిపోయి ఉంటే? వాడికేం తెలుస్తుంది, ఫోను తిరిగిచ్చేసి, అక్కకి అందే ఉంటుందిలే అనుకుని హాయిగా నిద్రపోతాడు, మేమిక్కడ కంచాల ముందు కూర్చుని తినకుండా లేచిపోతున్నాం. దేనితో నిండింది ఈ పెట్టె, నా జీవితంలో ఎవరు నాకంత ప్రేమగా రాశారని నిండింది? తగ్గింపులు. పండగ తగ్గింపులు, వర్షాకాలం తగ్గింపులు, ఇదే ఆఖరి అవకాశం అని నెలనెలా వచ్చే ఆఖరి అవకాశాలు.

"ఏటే, వొచ్చిందా?" అని అమ్మ వంటగదిలోంచి, నీళ్ళ చప్పుడు మీదుగా అరిచింది.

"ఉండమ్మా, సూస్తన్నాను."

పెట్టె నిండిపోయిందని చెప్పలేదు. చెబితే నీళ్ళు వదిలేసి వచ్చి నా నెత్తిన నిలబడుతుంది, నిండిపోతే ఖాళీ సెయ్యి, దానికేటి అంత ఆలోచన అంటుంది, చెయ్యాలి నిజమే, అన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచేసే మీట ఉంది కూడా, కానీ ఈ గుట్ట కింద వాడిది ఒకటి ముందే వచ్చి ఇరుక్కుని ఉందేమో, అందుకని ఒక్కొక్కటీ చదివి తుడవాలి. ప్రియమైన రూబెన్ గారూ, మీ మోకాళ్ళ నొప్పికి జపాన్ నూనె. తుడిచాను. ప్రియమైన కోటేశ్వరి గారూ, మీ కుక్కరుకి ఇంకా బీమా తీసుకోలేదు. కుక్కరుకి బీమా ఏమిట్రా నాయనా, మనుషులకే దిక్కులేదు. తుడిచాను. ప్రియమైన ఏంజెలీనా, మీ ఒంటరితనం మాకు తెలుసు. మీ మొహం తెలుసు, దానికి ముగ్గురు పిల్లలు, అత్త, ఆడపడుచు, ఒంటరిగా ఒక్క క్షణం కూర్చోనిస్తే పండగ చేసుకుంటుంది. తుడిచాను, తుడిచాను. ఒక్కోటి పోవడానికి చుక్క గిరగిరా తిరుగుతుంది, తిరిగి తిరిగి ఆగుతుంది, నా ప్రాణం కూడా దానితో పాటు తిరుగుతోంది.

వీళ్ళెవరూ నేను కాదు, కానీ అందరి చిరునామా నాదే. మావాళ్ళకి అదొక పాత అలవాటు, తాతల కాలంలో బర్మా వచ్చి అహ్లోన్ బియ్యం మిల్లుల్లో మూటలు మోసిన తెలుగువాళ్ళకి ఇంటి నంబరంటూ ఏముండేది కనక, శ్రీకాకుళం నుంచి, బరంపురం నుంచి ఎవరికి జాబు వచ్చినా పజుండౌంగ్‌లో మా చర్చి కేరాఫ్ అని వచ్చేదట, ఆరాధన అయ్యాక ఒకాయన మెట్ల మీద నిలబడి పేర్లు పిలిచేవాడట, బాప్టిస్టులేమిటి, గంజాం హిందువులేమిటి, ఆదివారం మధ్యాహ్నం అందరూ ఆ మెట్ల దగ్గరే. నాకు ఓడల ఏజెంటు ఆఫీసులో పని దొరికి ఈమెయిల్ తెరిచినప్పుడు మావాళ్ళలో అదే మొదటిది. రూబెన్ మామ, అమ్మకి అన్న, చర్చిలో డీకను, దాన్ని ప్రకటనల్లో చదివేశాడు, మన సిస్టర్ కెరెన్‌కి ప్రభువు ఈమెయిల్ దయచేశాడు, అవసరమైనవారు వాడుకోవచ్చు అని. చప్పట్లు కూడా కొట్టారు. అంతే, సిమ్ కార్డు కొన్నా, ఫ్రిజ్ కొన్నా, కళ్ళజోడు కొన్నా, ఈమెయిల్ ఏమిటని కౌంటరులో అడిగితే ఎవరూ తడుముకోలేదు. కింది అంతస్తు కోటేశ్వరక్కకి, దోసెల బండి ఆవిడకి, ఫోన్‌లో ఒక్క అక్షరం చదవడం రాదు, నా చిరునామా మాత్రం గడగడా అప్పజెబుతుంది. నాకూ అప్పట్లో గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు, పేరు పిలిచే మనిషిని నేనే అయినట్టు.

కెల్విన్‌కి సండే స్కూల్లో బైబిలు వాక్యంతో పాటు అది కూడా రాగం కట్టి నేర్పారు. నా పేరు, ఒక చుక్క, పజుండౌంగ్, ఆ పక్కన నాన్న పుట్టిన సంవత్సరం. సైన్యంలో చేరి తీరాలని జాబితాలో వాడి పేరు వచ్చిన వారంలో, ఇంట్లో ఎవరం గట్టిగా ఊపిరి కూడా తీసుకోని ఆ వారంలో, వాడు గుమ్మంలో నిలబడి చెప్పులేసుకుంటూ అన్నది అదే.

"ఫోను అట్టుకెల్లనక్కా, దారిలో గేటుగేటుకీ సోల్జర్లు సూస్తన్నారు. నంబర్లు నాకు గుర్తుండవు. నీ ఈమెయిలొక్కటే నోటికొచ్చు. సరిహద్దు దాటేక దానికే రాస్తాను. దాన్ని మాత్రం మార్చకు."

మార్చలేదు. ఆఫీసులో అందరూ నవ్వుతారు, కొత్తది తెరుచుకో కెరెన్, అయిదు నిమిషాల పని, ఈ చెత్తంతా వదిలిపోతుంది అంటారు, వాళ్ళకేం, వాళ్ళ తమ్ముళ్ళు వాళ్ళ నంబర్లు గుర్తుపెట్టుకున్నారు. నాకు ఈ చెత్తే తాడు. దీన్ని వదిలేస్తే వాడి చేతిలో ఇంకేమీ ఉండదు. నోటికొచ్చిన చిరునామాకి రాస్తాడు, అక్కడ నేనుండను, అంతే కథ.

ప్రియమైన సిస్టర్ డోరతీ గారూ, మీకు మాత్రమే ప్రత్యేక తగ్గింపు. ఇదిగో వచ్చింది, దీనికోసమే చూస్తున్నాను, దీన్ని తుడిచేటప్పుడు వేలు మరీ గట్టిగా పడుతుంది. ఛార్జింగ్ ఫ్యాను. కరెంటు లేని వేసవిలో అమ్మకి ఊపిరాడటం లేదని కొన్నాం, గ్యారంటీ కావాలంటే పేరు, ఈమెయిల్ చెప్పమంది కౌంటరులో పిల్ల, ఇంకెవరైనా అయితే బర్మావాళ్ళ మర్యాదకి డా డోరతీ అని ఊరందరిలాగా చెప్పేది, మా అమ్మ వెన్ను నిటారుగా పెట్టి సిస్టర్ డోరతీ అంది, చర్చిలో అందరూ అలాగే పిలుస్తారు కనక, ఆ పిల్ల కూడా భయభక్తులతో కంప్యూటర్లో అలాగే కొట్టింది. అంతకుముందు వచ్చేవి వానజల్లు, ఆ తరవాత వచ్చింది వరద. సిస్టర్ డోరతీ గారూ, మీకు అప్పు మంజూరైంది. సిస్టర్ డోరతీ గారూ, మా జూదశాలలో మొదటి ఆట ఉచితం. సిస్టర్ డోరతీ గారూ, మీ పురుషత్వం గురించి ఇక దిగులు వద్దు. అమ్మకి ఆ ఆఖరిది నేను చదివి వినిపించలేదు. ప్రపంచంలో అమ్మని అలా పిలిచేది మా చర్చీ, ఆ కొట్టూ, ఇద్దరే, చర్చి జూదశాలకి పేర్లివ్వదు కదా. ఎర్రటి ఎండలో వెళ్ళి అడిగాను, మా పేరు ఎవరికిచ్చారని, ఆ పిల్ల ఏమాత్రం తడబడకుండా గ్యారంటీ కాగితం వెనక్కి తిప్పి చీమ తలకాయంత అక్షరాలు చూపించింది, మీ వివరాలు మా భాగస్వాములతో పంచుకుంటాం, మీరే కదా ఒప్పుకున్నారు అంది. ఎవరమ్మా ఆ భాగస్వాములు అంటే తెలియదంది. నిజంగానే తెలియదు దానికి, పాపం, ఎండలో నిలబడి ఫ్యాన్లు అమ్ముకునే పిల్ల. మరి ఎవరి చొక్కా పట్టుకోవాలి నేను, చెప్పు. ఎవరినో ఒకరిని పట్టుకుని నిలదియ్యాలని ఒళ్ళు మండుతుంది, పట్టుకుందామంటే ఒక్క మనిషి కనబడడు. ఫ్యాను రెండో నెలలో పోయింది, గ్యారంటీ వర్తించదన్నారు, ఉత్తరాలు మాత్రం పోలేదు.

వరదని సముద్రం చేసిన ఘనత మా రూబెన్ మామది. ఉత్తరం వచ్చాక జవాబు రాయకపోవడం అమర్యాద అని ఆయన సిద్ధాంతం, చర్చి ఆఫీసు కంప్యూటరులో నా పెట్టె తెరిచి (పాస్‌వర్డ్ కూడా అందరికీ తెలుసు, అదీ ప్రకటనల్లో చదివారేమో) ప్రతి అప్పులవాడికీ కాన్వెంటు ఇంగ్లీషులో జవాబు రాశాడు, ప్రియ సహోదరా, మీ దయగల ఉత్తరం అందింది, ప్రస్తుతం మాకు అప్పు అవసరం లేదు, దేవుడు మీ వ్యాపారాన్ని దీవించుగాక. దీవించాడు. జవాబిచ్చే మనిషి ఉన్నాడని తెలిసిన చిరునామాకి ఎక్కువ ధర పలుకుతుందట, మేనేజరమ్మే చెప్పింది, ఒకడు ఇంకొకడికి అమ్ముతాడు, వాడు మరొకడికి. మామని అడిగితే నొచ్చుకున్నాడు. "మరేటే, మడిసి పలకరిస్తే మూతి తిప్పుకుని పోతావా?" అన్నాడు. వాళ్ళు మనుషులు కారు మామా అన్నాను అప్పుడు. ఇప్పుడైతే ఆ మాట అనలేను.

ఎందుకంటే ఇంకో రకం ఉన్నాయి, వాటి దగ్గరికొచ్చేసరికి వేలు ఆగిపోతుంది. హలో డియర్, ఎలా ఉన్నారు, పొరపాటున మీకు రాశాను, కానీ దేవుడే మనల్ని కలిపాడేమో. టైపింగ్ వచ్చినవారు కావలెను, మంచి జీతం, భోజనం వసతి ఉచితం, సరిహద్దు దగ్గర ఆఫీసు. సరిహద్దులో మ్యావడి పక్కన నది ఒడ్డున పెద్ద పెద్ద గోడలు కట్టి, లోపల మనుషుల్ని పెట్టి, రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఇలాంటివే ప్రపంచమంతటికీ రాయిస్తారని అందరికీ తెలుసు, రాయకపోతే కొడతారని తెలుసు, దాటిస్తామని తీసుకెళ్ళి అక్కడ అమ్మేస్తారని, మనుషుల్ని, ఈమెయిళ్ళని అమ్మినట్టే, అదీ తెలుసు. కెల్విన్ వెళ్ళింది ఆ దారినే. ఇంగ్లీషు బాగా వచ్చు వాడికి, టైపింగ్ వచ్చు, నేనే నేర్పాను. ఈ సంగతి అమ్మకి తెలియకుండా జాగ్రత్తపడ్డాను, టీ కొట్టు దగ్గర ఎవరైనా ఎత్తితే మాట మార్చాను, మామతో కూడా ఒట్టు వేయించుకున్నాను. ఆ హలో డియర్‌లని మాత్రం చదవకుండా తుడవలేను. ప్రతి వాక్యం పట్టిపట్టి చూస్తాను, వాడి మాట తీరు ఎక్కడైనా తగులుతుందేమోనని, వాడెప్పుడూ గాడ్ బ్లెస్ తరవాత రెండు ఆశ్చర్యార్థకాలు పెడతాడు, ఒకదాంట్లో నిజంగానే రెండున్నాయి, పోయినవారం, ఆ రోజు ఆఫీసులో టీ బల్ల మీద ఒలకబోసుకున్నాను, మళ్ళీ మళ్ళీ చదివాను, తరవాత చూస్తే వాటన్నిటిలోనూ రెండేసే ఉన్నాయి. ఎవడి తమ్ముడో రాశాడు అది. ఎవరి తమ్ముడైనా తమ్ముడే కదా అని ఒక నిమిషం అనిపించింది, వెంటనే కోపమొచ్చింది, నాకు ఇంకొకరి తమ్ముళ్ళ మీద జాలిపడే ఓపిక లేదు, నా తమ్ముడు నాకు కావాలి. తుడిచాను.

పైన పట్టీ ఇంకా అలాగే ఉంది. నిండిపోయింది, అందవు. ఇంత తుడిచినా? ఇంతసేపూ? బుర్ర గోడకేసి కొట్టుకోవాలనిపించింది, అప్పుడు గుర్తొచ్చింది, తుడిచినవి ఎక్కడికీ పోవు, చెత్తబుట్ట అని పక్కన ఇంకో గది, అక్కడికెళ్ళి కూర్చుంటాయి, అది కూడా నా చోటే తింటుంది. సిస్టర్ డోరతీలందరూ అందులో భద్రంగా ఉన్నారు. బుట్ట ఖాళీ చెయ్యి అన్నాను, శాశ్వతంగా పోతాయి సరేనా అని అడిగింది, సరేనే, శాశ్వతంగా పోనీ, నీకు దండం పెడతాను. చుక్క తిరిగింది. వంటగదిలో ఎండురొయ్యలు వేగుతున్న వాసన, అమ్మ గోంగూర వండుతోంది దారిలో తినడానికి, అంటే వెళ్ళడమే నిశ్చయం చేసుకుంది, కింద సైకిల్ రిక్షావాడు ఎవరితోనో తగువు పడుతున్నాడు, కాలువ మీంచి బురద వాసన, కరెంటు ఇంకా ఉంది, ఉంది, సీలింగు ఫ్యాను తిరుగుతోంది కనక ఉంది. బుట్ట ఖాళీ అయింది. పట్టీ చిక్కగా ఉన్న పసుపు నుంచి లేత పసుపుకి మారింది, దాదాపు నిండిపోయింది, కొత్త మెయిళ్ళు కొన్ని అందకపోవచ్చు అంది. కొన్ని అంటే ఏవి? ఏరి చూపించవేం?

పెద్దవి ముందు తీసెయ్యండి అని కింద సలహా ఇచ్చింది. పెద్దవి ఏమిటా అని చూశాను. అన్నిటికన్నా పైన ఈస్టరు పాటల వీడియో, మామ పంపినది, పోయినేడాది కాదు ఆ ముందటి ఏడాదిది. అది అమ్మ ఫోన్‌లో ఉండేది, ఆ ఫోను కాలువలో పడిపోయింది, చర్చి కంప్యూటరు చెడిపోయింది, ఇంకెక్కడా లేదు, ఇక్కడే ఉంది. ఫోన్‌లోకి దించుకుందామంటే ఈ నెట్ మీద పూటంతా పడుతుంది, కరెంటు అంతసేపుండదు. తెరవలేదు, తెరిస్తే ఇక నావల్ల కాదు. తెరవకుండానే తెలుసు అందులో ఏముందో, తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, వెనక వరసలో ఎడమ చివర, మూడో చరణంలో వాడొక్కడే పైకెత్తి పాడతాడు, ఎత్తేముందు కళ్ళు మూసుకుంటాడు, ముందు వరసలో ఉన్న నేను వెనక్కి తిరిగి చూసి నవ్వుతాను. వాడి ఉత్తరం రావాలంటే వాడి గొంతు తీసెయ్యాలట. ఏ పాపిష్టి ఏర్పాటురా ఇది! జూదశాలవాళ్ళూ, అప్పులవాళ్ళూ, దోమలమందు వాళ్ళూ కలిసి తిన్న చోటుకి నా తమ్ముడి పాట నేను కట్టాలి. ఎవరు నన్నడిగారు? ఎవరు నా దగ్గరికొచ్చి అమ్మా కెరెన్, నీ పేరు ఫలానావాళ్ళకిస్తున్నాం, దానికి బదులు ఒకరోజు నువ్వు ఇది పోగొట్టుకుంటావు, సమ్మతమేనా అని అడిగారు? అడిగితే ఛీ పొండి అనేదాన్ని కదా. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా టైము లేదు, ముక్కు తుడుచుకుని నొక్కాను. శాశ్వతంగా, సరేనా? సరే.

పట్టీ పోయింది. అంత పెద్ద పట్టీ, ఏమీ జరగనట్టు పోయింది.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది, రూబెన్ మామ, మెట్లెక్కి వచ్చి వగరుస్తున్నాడు, "కారు ముందుగానే వొచ్చీసిందే డోరతీ. కిందన ఆగున్నాడు. తొరగా రమ్మంతన్నాడు, సీకటడకుండా గేట్లు దాటాలంట," అన్నాడు. అమ్మ టిఫిన్ కారియరు మూత బిగిస్తోంది. నేను చూస్తున్నాను, పెట్టెలోకి ఇంతకాలం బయట నిలబడ్డవన్నీ ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి, నూనెలు, బీమాలు, పరుపులు. వాడి పేరుతో ఏదీ లేదు. లాగి కిందకి వదులుతున్నాను, మళ్ళీ లాగుతున్నాను.

"అమ్మా, ఇంకాసేపాగు."

"ఎంతసేపాగుతానే? ఆగి ఆగి ఈ గతికొచ్చేను," అంది అమ్మ. కోపంగా అనలేదు, అదే భరించలేకపోయాను. సంచీ భుజాన వేసుకుంది. మామ నావైపు చూశాడు, నువ్వే ఏదో ఒకటి చెప్పి ఆపు అన్నట్టు, ఏం చెప్పి ఆపను, అబద్ధం చెప్పనా, వచ్చింది అని చెప్పనా, ఒక్క నిమిషం నోటిదాకా వచ్చింది కూడా.

అప్పుడు దిగింది. ప్రియమైన మిస్టర్ కెల్విన్. వాడి పేరుతో తగ్గింపులు ఇదివరకూ వచ్చాయి, బూట్లవాళ్ళవి, సిమ్ములవాళ్ళవి, వేలు అలవాటుగా తుడవడానికి లేచింది, కానీ కింద ఉన్న అక్షరాలు బర్మీస్ కాదు, గుండ్రంగానే ఉన్నాయి గానీ తలకట్టు దగ్గర చిన్న చిన్న కొక్కేలున్నాయి, థాయ్, ఆ కింద ఇంగ్లీషు. మే సొట్‌లో మా భాగస్వామి దుకాణంలో ఈ గురువారం చెప్పులు కొని సభ్యులైనందుకు ధన్యవాదాలు. మా దోమతెరల మీద మీకు ప్రత్యేక తగ్గింపు. మళ్ళీ చదివాను. మే సొట్, నదికి అవతల థాయ్ ఊరు. గురువారం. చెప్పులు. ఎవడో వేరే కెల్విన్? ప్రపంచంలో కెల్విన్‌లు చాలామంది ఉంటారు, కానీ కౌంటరులో ఈమెయిల్ అడిగితే నా పేరు, ఒక చుక్క, పజుండౌంగ్, నాన్న పుట్టిన సంవత్సరం చెప్పే కెల్విన్ ఒక్కడే ఉంటాడు. వెధవ. అక్కకి రాయడానికి కుదరలేదు, కొట్టువాడికి అప్పజెప్పడానికి మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంది. రాసే ఉంటాడు, వెనక్కి పోయుంటుంది, రాయకపోయినా సరే, దొరికితే చంపేస్తాను, ఎదురుగా ఉంటే ఇప్పుడే రెండు తగిలించేదాన్ని. ఆ కొట్టువాడు సంతకం ఆరకముందే అమ్మేశాడు వాడి పేరు, ఎవడికో దోమతెరలవాడికి, ఎంత దుర్మార్గులు, మూడు రోజులు కూడా ఆగలేదు, ఎంత మంచివాళ్ళు.

"అమ్మా, సంచీ దించు," అన్నాను. "తమ్ముడు మే సొట్‌లో సెప్పులు కొనుక్కున్నాడు."

"ఉత్తరం రాసేడేటి?"

"నేదమ్మా. సెప్పులు కొన్నాడు, గురువారం నాడు. ఆ కొట్టోడు మన ఈమెయిల్ని ఇంకోడికి అమ్మీసేడు. ఆ ఇంకోడు రాసేడు."

మామ ఏదో అడగబోయాడు, అర్థం కాలేదు ఆయనకి. అమ్మ అడగలేదు. సంచీ భుజాన ఉండగానే గోడకి ఆనుకుని అలాగే నేల మీదకి జారి కూర్చుంది, టిఫిన్ కారియరు ఒళ్ళో పెట్టుకుంది, కింద కారువాడు హారన్ కొడుతున్నాడు, కొట్టుకోనీ. తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"సొంతంగా కొట్టుకెల్లి కొనుక్కున్నాడు కదే?"

"ఔనమ్మా."

"మరైతే ఆ గోడల లోపల నేడన్నమాట. అక్కడున్నోలని కొట్టుకెల్లనివ్వరు కదేటే."

గోడల సంగతి నేను అమ్మకి ఎన్నడూ చెప్పలేదు. "ఎల్లనివ్వరమ్మా," అన్నాను, వెళ్ళి పక్కన కూర్చున్నాను.